పట్టాను, కొట్టండి

"పట్టావా?" అన్నాడు మా ఆయన.

"పట్టాను, కొట్టండి" అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవి. నా జవాబు వినగానే ఆయన చెయ్యి ఒక్కసారి లేచి, సుత్తి దించినట్టు మంచం పట్టె మీద పడింది. ఆ తర్వాత ఆయన నోరు విప్పలేదు, ఆ పూట గడవలేదు. చుట్టూ నిలబడ్డ చుట్టాలు జ్వరంలో ఏదో కలవరించాడనుకున్నారు, ఆయన్ని ఊరుకోబెట్టడానికి నేనేదో అన్నాననుకున్నారు. కలవరింత కాదండీ. ముప్పై ఏళ్ళకు పైబడి ఆయన కారు లోపల కూర్చుని అడిగిన మాట అది, నేను కారు కింద నిలబడి చెప్పిన జవాబు ఇది. మా కాపురంలో మేం మాట్లాడుకున్న మాటలన్నీ ఒక గంపలో పోస్తే సగం గంప ఈ రెండు ముక్కలే ఉంటాయి.

ఆయన పోయి నాలుగు నెలలైంది. ఆయనతో ఆ మాట కూడా పోయిందనుకున్నాను. పోయిన వారం ఒక పాత నల్ల అంబాసిడర్ మా షెడ్డుకు తిరిగొచ్చింది. మా షెడ్డంటే ఆటోనగర్‌లో మా ఆయన టింకరింగ్ చేసిన షెడ్డు. ఇప్పుడు వేరేవాళ్ళు నడుపుతున్నారు, వెనకున్న గదిలో నేనుంటున్నాను. బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసున్న ఒకాయన, వాళ్ళ తాతగారి కారట, ఇన్నేళ్ళూ ఉయ్యూరులో ఒక పాకలో పడుంటే ఇప్పుడు ముచ్చటపడి దాన్ని మళ్ళీ కొత్తదానిలా చేయించుకుంటున్నాడు. సీట్లు పీకి, కింద పరిచిన మ్యాటు లేపి చూస్తే ఫ్లోరు రేకంతా తుప్పు తిని జల్లెడైపోయింది గానీ, డ్రైవరు కాళ్ళు పెట్టుకునే చోట పళ్ళెమంత అతుకు ఒకటి మాత్రం గట్టిగా నిలబడి ఉంది. ఉలి పెట్టి దాన్ని ఊడదీస్తే, రేకుకూ కింది పట్టీకీ మధ్యన మడతపెట్టిన గుడ్డపీలిక ఒకటి బయటపడింది. పనివాళ్ళు దాన్ని పట్టుకుని నా దగ్గరకొచ్చి, "మామ్మగారూ, మన షెడ్డు తాత లోపల గుడ్డ ఎందుకు పెట్టాడండీ, నీళ్ళు దిగకుండానా?" అని అడిగారు.

నా పక్కనే మా ఆడపడుచు ఉంది. మా ఆయనకు చెల్లెలు. పోస్టాఫీసులో కౌంటరు దగ్గర పనిచేసి రిటైరైన మనిషి, అన్న పోయాక నాకు తోడుగా వచ్చి ఉంటోంది. ఆమె ముఖం వెలిగిపోయింది. "చూశావా వదినా, ఇదీ మా అన్నయ్య చిట్కా. ఫ్లోరు మొత్తం పోయినా ఆయన అతుకు పోలేదు. నువ్వు చెప్పు, నేను రాస్తాను, మన వయసు వాళ్ళు చదువుకుంటారు" అంది. అందుకని నేను చెబుతున్నాను, ఆమె రాస్తోంది. నాకు సంతకం ఒకటే వచ్చు, అదీ ముగ్గు గీసినట్టు గీస్తాను. నేను నోటికొచ్చినట్టు అంటూ పోతుంటే ఆమె పుస్తకాల్లో ఉండే తీరుకు సర్దుతోంది. మాట సర్దితే ఫరవాలేదు గానీ, అమ్మాయ్, సంగతి మాత్రం సర్దకు. ఆ పీలిక చిట్కా కాదు. అది నా చీర చెంగు.

నేను పుట్టింది పెడన వైపు, నేతవాళ్ళ ఇంట్లో. మా అమ్మానాన్నలది గుంట మగ్గం. ఇప్పటి పిల్లలకు చెప్పాలి గానీ మన వయసు వాళ్ళకు చెప్పక్కర్లేదు, నేలలో తవ్విన గొయ్యిలో కాళ్ళు దించుకుని మగ్గం ముందు కూర్చుంటే పొద్దున దిగిన మనిషి దీపాల వేళకు గానీ లేవడు. నాకు మగ్గానికి నూలు కండెలు చుట్టే వయసు, బడికెళ్ళే వయసు ఒక్కసారే వచ్చాయి, రెండింట్లో కండెలే గెలిచాయి. అక్షరం కడుపు నింపదు, కండె నింపుతుంది అనేవాడు మా నాన్న; ఆయన బతికుండగానే కండె కూడా నింపడం మానేసింది. అందుకే మగ్గం వదిలేసి బెజవాడ వచ్చి కార్ల రేకు పని నేర్చుకున్న మనవాళ్ళ అబ్బాయికి నన్నిస్తున్నారంటే, ఇక ఆ గుంట నాకు తప్పిందని లోపల్లోపల సంతోషించాను. కాపురానికొచ్చిన మొదటి రోజు షెడ్డు మధ్యలో ఇంకో గుంట చూశాను. ఇది మా ఇంట్లోదానికన్నా లోతు. కారు దాని మీద నిలబెట్టి, కింద దిగి పని చేసేందుకు తవ్వింది.

ఈ డెల్టా నేలకు ఒక గుణం ఉంది, అది కార్లను కింద నుంచి తింటుంది. పైన రంగు అద్దంలా మెరుస్తూనే ఉంటుంది, కాలవ గట్ల బురద, చేల దారుల తడి కింద పట్టుకుని లోపల లోపలే రేకును కొరుకుతుంది. ఒకనాడు యజమాని బ్రేకు తొక్కితే కాలు రోడ్డును తాకుతుంది. అలా పోయిన రేకు కోసేసి, ఆ కంత కొలతకు గట్టి కాయితం కత్తిరించి, ఆ కాయితం అచ్చుగా పెట్టి కొత్త రేకు కోసి, వెల్డింగు చుక్కలు పెట్టి, అంచులు కొట్టి కూర్చోబెట్టాలి. పైన సుత్తి పడేటప్పుడు కింద సరిగ్గా ఆ చోటనే ఇనప దిమ్మ ఆనించి ఒక మనిషి పట్టుకోవాలి, లేకపోతే రేకు సాగి బొప్పి కడుతుంది. దిమ్మ పట్టేందుకు పెట్టుకున్నవాళ్ళెవరూ ఆ గుంటలో నెలకు మించి నిలవలేదు. నేను పొట్టిదాన్ని, తల వంచకుండా అందులో నిలబడగలను. ఒకరోజు పని ఆగిపోతుంటే ఒక్క గంట పట్టమన్నాడు. ఆ గంటకు ముప్పై ఏళ్ళు పట్టింది.

కింద నుంచి నాకు ఆయన కనపడడు, పైనుంచి ఆయనకు నేను కనపడను. సుత్తితో రెండుసార్లు మెల్లిగా తడతాడు. బోలుగా మోగితే నేనక్కడ లేనట్టు, గట్టిగా మోగితే ఉన్నట్టు. అప్పుడు పట్టావా అంటాడు, పట్టాను కొట్టండి అంటాను. నా నోట ఆ మాట రానిదే ఆయన సుత్తి ఎత్తడు. ఆ ఒక్క సంగతిలో మాత్రం ఆ షెడ్డులో నా మాటే చెల్లింది.

తుప్పు పొడి రాలి కళ్ళలో పడేది. సాయంత్రం నన్ను గడప మీద కూర్చోబెట్టి, రెప్ప విప్పి, చుక్క ఆముదం వేసి, తడి గుడ్డ కొసతో ఆ నలుసులు తీసేవాడు. రేకులు వంచే ఆ మొరటు వేళ్ళు అంత మెల్లిగా ఎలా ఆడేవో నాకిప్పటికీ ఆశ్చర్యమే. నీళ్ళు కాగితే ముందు నన్నే పోసుకోమనేవాడు. ఇది కూడా రాయి అమ్మాయ్, నువ్వు రాయాలని కూర్చున్నది ఇదే కదా.

ఆయనకున్న పట్టింపు ఒకటే, పెళ్ళాం గుంటలో దిగి పని చేస్తుందని బయటివాళ్ళకు తెలియకూడదు. కారు తాలూకు మనిషి గొంతు వినపడితే చాలు, గుంట నోటికి గోనెపట్టా దించేవాడు. వాళ్ళు వెళ్ళేదాకా నేను దగ్గకూడదు, తుమ్మకూడదు. కొందరు టీలు తెప్పించుకుని ఎలక్షన్లు, చెరకు తోటలు, పిల్ల సంబంధాలు మాట్లాడుతూ గంటలు కూర్చునేవాళ్ళు. కాలవలకు నీళ్ళొదిలిన రోజుల్లో గుంటలో ఊట పుట్టి చీలమండల దాకా వచ్చేది. నాతోపాటు ఒక కప్ప ఉండేది, దానికీ అలవాటైపోయి అరిచేది కాదు.

ఆ నల్ల అంబాసిడర్ ఉయ్యూరులో ఒక బడి నడిపే కరస్పాండెంటు గారిది, ఇప్పుడొచ్చినాయన తాతగారు. కారు అప్పజెప్పడానికి వచ్చిన రోజు నేను మజ్జిగ తీసుకెళ్ళాను. వాళ్ళ ఇంటి చంటిపిల్ల ఒకటే ఏడుపు ఏడుస్తుంటే ఎత్తుకున్నాను, నా భుజం మీద నిద్రపోయింది. ఆయన చూసి, మా బడిలో చిన్నపిల్లల తరగతికి ఆయా కావాలమ్మా, చేస్తావా అన్నాడు. బడి ఆవరణలోనే గది ఇస్తామన్నాడు, సాయంత్రాలు చదువు రాని ఆడవాళ్ళకు పంతులమ్మలు అక్షరాలు చెబుతారన్నాడు. మాకు పిల్లలు లేరు. పిల్లలూ అక్షరాలూ వెలుతురూ మూడూ ఒకే చోట ఉన్నాయని విన్న రోజు నాకు అన్నం సయించలేదు. ఉయ్యూరేమీ దూరదేశం కాదు, ఎర్రబస్సెక్కితే గంట. మా ఆయన వద్దనలేదు, కాయితం రానీ చూద్దాం అన్నాడు.

కొన్నాళ్ళకు కాయితం వచ్చింది. పోస్టుమాన్ నా చేతికే ఇచ్చాడు, నేనే పరిగెత్తుకుంటూ తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆయన విప్పాడు, నిలబడి ఒకసారి లోపల చదువుకున్నాడు, తర్వాత నా కోసం పైకి చదివాడు, వేలు పెట్టి వరస వరసకూ జరుపుతూ. షెడ్డు గుంటలో నీళ్ళు నిలవ ఉంచరాదు, దోమలు పెరుగుచున్నవి, ప్రతిదినము తోడించవలెను అని. అది మున్సిపాలిటీ నోటీసన్నాడు. నేను అనుకున్న కాయితం కాదని దిగులుపడ్డాను గానీ, తడుముకోకుండా ఎంత చక్కగా చదివాడని మురిసిపోయాను కూడా. మర్నాటి నుంచి పొద్దున్నే గుంటలో దిగి బక్కెట్టుతో నీళ్ళు తోడి పోయడం మొదలుపెట్టాను.

పదిరోజులకు ఆ కారు ఫ్లోరు వంతు వచ్చింది. కంతకు అచ్చు కత్తిరించాలి, గట్టి కాయితం కావాలి. పనిముట్ల పెట్టెలో ఆ నోటీసు, దాని కవరు కనిపించాయి. మంచి మందపు కాయితం. తీసి కత్తెర పెట్టబోతుంటే, "అదెందుకు, కేలండరు అట్ట ఉందిగా" అన్నాడు. "ఇది గట్టిగా ఉంది, నీళ్ళు తోడుతూనే ఉన్నాంగా, ఇంక దీంతో పనేముంది" అన్నాను. నేను పెడలు దగ్గర వంపు తీసి, బోల్టు చోట గుండ్రంగా కత్తిరించి ఇస్తే తీసుకుని, రేకు మీద పెట్టి గీత గీశాడు. ఆ గీత వంకరపోయింది. ఆయన గీత వంకరపోవడం నేనెప్పుడూ చూడలేదు, చెయ్యి జారిందనుకున్నాను.

రేకు కోసి కంత మీద పెట్టి, నేను కింద నుంచి ఎత్తిపడుతుంటే ఆయన పైన గ్రిప్పులు బిగించాడు. వెల్డింగు కడ్డీలు తెస్తాను, నువ్వెళ్ళి అన్నం సంగతి చూడు అని బజారుకెళ్ళాడు. నేను పైకి రాబోతే పైట లాగినట్టయింది. రేకుకూ పట్టీకీ మధ్యన చెంగు పడి గ్రిప్పుల్లో బిగుసుకుపోయింది. ఆయనొచ్చి వదులు చేస్తాడులే అని అలాగే నిలబడ్డాను. ఆయన రావడం కరస్పాండెంటు గారితో కలిసి వచ్చాడు. నేను గదిలో అన్నం వండుతున్నానని ఆయన లెక్క. గొంతులు వినపడగానే అలవాటు కొద్దీ నేను ఊపిరి బిగబట్టాను.

"ఏమయ్యా, మీ ఆవిడకు కాయితం పంపితే ఉలుకూ పలుకూ లేదు?" అంటున్నాడు ఆ పెద్దాయన. "ఇంకొకామెను పెట్టేసుకోమంటావా?"

"ఆవిడకు ఇష్టం లేదండి" అన్నాడు మా ఆయన. "చిన్నపిల్లలంటే చికాకండి ఆవిడకి."

"అదేంటయ్యా. ఆ రోజు అంత ఆశగా తలూపింది."

"ఆడాళ్ళ మాట కదండీ. పొద్దున్నొకటి, సాయంత్రమొకటి."

పెద్దాయన నవ్వాడు, మా ఆయన కూడా నవ్వాడు. నా నెత్తికి బెత్తెడు పైన నేను కత్తిరించిన ఆకారంలో రేకు ఉంది.

ఆ చీర కొత్తదేమీ కాదు. పచ్చ నూలు చీర, మా అమ్మ నేసింది, ఉతికి ఉతికి మెత్తబడింది. ఒక్క లాగు లాగితే చినిగేది. చింపుకుని పైకొచ్చి, నాకు ఇష్టమేనండీ అని ఒక్క ముక్క అని ఉంటే నా బతుకు వేరేగా ఉండేది. ఇన్నేళ్ళూ చెంగు ఇరుక్కుంది కాబట్టి రాలేకపోయానని నాకు నేనే చెప్పుకున్నాను. ఇప్పుడు అబద్ధమెందుకు, ఇరుక్కుంది చెంగు కాదు. మసి మొహంతో, చీర మీద మొగుడి పాత చొక్కాతో, బురద కాళ్ళతో ఆ గుంటలోంచి లేచి ఒక పెద్దమనిషి ముందు నిలబడితే ఆయన తల ఎక్కడ పెట్టుకుంటాడు అనుకున్నాను. నా తల సంగతి నాకు తోచలేదు. వాళ్ళు గేటు దాకా నడిచాక చెంగు చింపుకున్నాను.

పైకొస్తే నేల మీద కత్తిరింపు ముక్కలు పడున్నాయి. ఒంగి ఒక్కొక్కటే ఏరాను. అప్పటికి నాకు సంతకం కూడా రాదు, వేలిముద్రే. ఏ ముక్కలో నా పేరుందో నాకు తెలియలేదు. వాటితోనే పొయ్యి అంటించి అన్నం వండాను, వేరే చీర కట్టుకున్నాను.

మధ్యాహ్నం ఆయన పిలిచాడు. గుంటలో దిగి చూస్తే వెల్డింగు చుక్కలు పెట్టేసి ఉన్నాయి, వేలాడుతూ ఉండాల్సిన చెంగు ముక్క కనపడలేదు; మంటకు కాలిపోయిందనుకుని స్థిమితపడ్డాను. రెండుసార్లు తట్టాడు. "పట్టావా?" అన్నాడు. నేను పలకలేదు. మళ్ళీ అడిగాడు, పలకలేదు. దిమ్మ నా చేతిలోనే ఉంది, రేకుకు ఆనించే ఉంది, నోరే రాలేదు. నేను పలక్కపోతే ఆయన కొట్టడు, కొట్టకపోతే కారు కదలదు. ఆ క్షణాన ఆ షెడ్డు మొత్తం నా నాలుక మీద ఆగి ఉంది. మూడోసారి అడిగినప్పుడు ఆయన గొంతు సన్నగా అయిపోయింది. తలుచుకుంటే ఆ రోజల్లా అలాగే ఉండిపోయేదాన్ని. కానీ పుట్టింట్లో మగ్గం పోయింది, అత్తింట్లో ఉన్నది ఈ గుంటే. పట్టాను, కొట్టండి అన్నాను.

నాకు తెలిసిపోయిందని ఆయనకు తెలియకూడదు అనుకున్నాను. అందుకని మర్నాడు పొద్దున్నే మళ్ళీ బక్కెట్టు పుచ్చుకున్నాను. లేని నోటీసుకు భయపడి నీళ్ళు తోడాను. ఒక్కరోజు మానితే ఎందుకు మానావని ఆయన అడగాలి, నేను చెప్పాలి. అది జరగకుండా ఉండాలని ఏళ్ళ తరబడి తోడాను, ఒంట్లో బాగున్నా బాగోలేకపోయినా, ఊట ఉన్నా లేకపోయినా. ఒకసారి ఆయన ఉండబట్టలేక, "ఇంకా ఎందుకు తోడతావ్?" అన్నాడు. "నోటీసిచ్చారుగా" అన్నాను. ఆయన తల దించుకుని సుత్తి పిడి బిగించుకున్నాడు. ఆ వేసవిలో చేతిలో పని ఆపుకుని, తనే ఇసక మోసి, సిమెంటు కలిపి, గుంట చుట్టూ అడుగునా గోడ కట్టినట్టు పూత పూశాడు. ఊట ఆగిపోయింది. తోడడానికి నీళ్ళు లేవు. మళ్ళీ ఆయన పైన, నేను కింద, పట్టావా, పట్టాను.

పోయిన వారం ఆ పీలిక నా చేతిలో పెట్టినప్పుడు అటూ ఇటూ తిప్పి చూశాను. కాలలేదు. చినిగిన చెంగు దానంతటది మడతపడదు. చక్కగా నాలుగు మడతలు వేసి, మంట తగలని చోట పెట్టి, తుప్పు పట్టకుండా రేకులకు పూసే ఎర్రమందు పూసి, మీద రేకు మూసి ఉంది. పనికిరాని గుడ్డ అనుకుంటే లాగి అవతల పారేసేవాడు. అంటే కడ్డీలు పట్టుకొచ్చి కారులో కూర్చున్న నిమిషానే చూశాడు, నేను కింద ఉన్నానని, అంతా విన్నానని ఆ నిమిషానే తెలుసుకున్నాడు. మూడుసార్లు అడిగిన ఆ గొంతు ఎందుకు సన్నబడిందో ఇన్నాళ్ళకు అర్థమైంది. తెలిసిందని ఆయన దాచాడు, తెలిసిందని నేను దాచాను. నేను తోడే ప్రతి బక్కెట్టూ ఆయన లెక్కపెట్టుకుంటూ ఉండి ఉంటాడు. ఇద్దరం చెరో వైపు నుంచి ఒకే రేకును మోస్తూ, అవతల మనిషి లేనట్టు ముప్పై ఏళ్ళు నిలబడ్డాం. ఆఖరున మంచం మీద ఆయన పట్టావా అన్నది దిమ్మ గురించేనో, తన మీద కోపమేమన్నా మనసులో పట్టి ఉంచావా అనో ఇంక అడిగేందుకు మనిషి లేడు. నేను మాత్రం పట్టాననే చెప్పాను. ఏ అర్థానికైనా అది నిజమే.

ఇప్పుడు షెడ్డులో గుంట లేదు, పూడ్చేశారు. కారును మనిషెత్తుకు లేపి నిలబెట్టే మిషను పెట్టారు. ఫ్లోరు రేకులు ముందే అచ్చుపోసి అట్టపెట్టెల్లో వస్తున్నాయి, కాయితం కత్తిరించే పని లేదు. మొన్న ప్యాంటూ చొక్కా వేసుకున్న ఒక పిల్ల ఆ నల్ల కారు కింద నిటారుగా నిలబడి లైటు వేసి చూస్తోంది. కారు యజమాని పక్కనే ఉండి ఆ పిల్లనే సందేహాలు అడుగుతున్నాడు, ఎవరూ గోనెపట్టా దించలేదు. చూసి నా కడుపు నిండింది. కాసేపు నిలబడి విన్నాను. సుత్తి చప్పుడు లేదు, మిషను గుయ్యిమంటోంది. ఎవరూ ఎవరినీ పట్టావా అని అడగడం లేదు. అడగాల్సిన అవసరం లేకపోవడం మంచిదే. కానీ ఇంత పెద్ద ఊళ్ళో ఆ మాట ఇంక నా చెవిన పడదు కదా అనిపించి వచ్చేశాను.

అమ్మాయ్, నీ కలం ఆగి చాలాసేపైంది. కళ్ళజోడు తుడుచుకో. మీ అన్నను తక్కువ చేయాలని చెప్పలేదు, ఆ అతుకు ఎందుకు అంత గట్టిగా నిలిచిందో నువ్వే కదా రాయాలన్నావు. ఇప్పుడు మొదటి నుంచి చదివి వినిపించు. ఈ చేతుల్లోకి ఇదివరకు ఒకే ఒక్క కాయితం వచ్చింది, దాన్ని కూడా మీ ఇంటి మనిషే నాకు చదివి పెట్టాడు, వేలు పెట్టి, వరస వరసకూ, ఎంతో చక్కగా. నువ్వు తడబడినా సరే, ఉన్నది ఉన్నట్టు చదువు. ఏ ముక్కలో నా పేరుందో అక్కడ కాస్త ఆగి చూపించు.

నేను పట్టాను. చదువు.